విదేశీయులతో పెళ్లి, స్పౌజ్ వీసా కొత్త నిబంధనలు: నెల్లూరు, ఒంగోలు వాళ్లు ముందు ఏ కాగితం చేయించుకోవాలి?

పెన్నాతీరం
అందరికీ నమస్కారం. అబ్బాయిది కావలి. అమ్మాయి బ్రిటన్ పౌరురాలు, తెలుగు కుటుంబం కాదు, క్రైస్తవులు. పెళ్లి ఇక్కడ చేసి, ఆ తర్వాత అబ్బాయి స్పౌజ్ వీసా మీద అక్కడికి వెళ్లాలని అనుకుంటున్నారు. అమ్మాయి జీతం ఎంత ఉండాలంటే ఒకరు 38,700 పౌండ్లు అంటారు, ఒకరు 29,000, ఇంకొకరు 18,600 చాలంటారు. పెళ్లి ఏ చట్టం కింద రిజిస్టర్ చేయించాలో కూడా తలో మాట చెప్తున్నారు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి. అమెరికా, కెనడా, జర్మనీ, కువైట్ సంగతులు తెలిసినా ఇక్కడే పెట్టండి. మన రెండు జిల్లాల్లో చాలామందికి ఇదే అవసరం.

మైపాడు_అల
మీరు విన్న మూడు అంకెలూ ఎవరో పుట్టించినవి కావండీ. తేడా అంతా తేదీల్లో ఉంది.

2012 జులై 9న బ్రిటన్ ఈ ఆదాయ పరిమితి తెచ్చినప్పుడు 18,600 పౌండ్లు. పిల్లలుంటే దాని మీద ఇంకొంత చూపించాలి. 2024 ఏప్రిల్ 11 నుంచి అది 29,000 అయింది, పిల్లలకని విడిగా చూపించే పద్ధతి తీసేశారు. తర్వాత 34,500, ఆపైన 38,700కి పెంచుతామని ప్రకటించారు కానీ అది అమల్లోకి రాలేదు, మధ్యలోనే ఆగింది. ఇప్పుడు కొత్తగా అప్లై చేసేవాళ్లకి 29,000.

మరి 18,600 ఎవరికి? 2024 ఏప్రిల్ 11కి ముందే స్పౌజ్ లేదా ఫియాన్సే (పెళ్లి నిశ్చయమైనవాళ్ల) వీసాకి అప్లై చేసి, అదే భాగస్వామితో పొడిగింపుకి వెళ్లేవాళ్లకి. వాళ్లకి పాత లెక్కే నడుస్తుంది. మీకు 18,600 చాలని చెప్పినవాళ్లు అట్టాంటి కేసు చూసి చెప్పి ఉంటారు.

ఈ 29,000 ఎవరి జీతమో కూడా చూసుకోవాలి. అబ్బాయి ఇక్కడ హైదరాబాదులో నెలకి రెండు లక్షలు తెచ్చుకుంటున్నా ఆ జీతం లెక్కలోకి రాదు. అక్కడుండే అమ్మాయి జీతమే చూస్తారు. ఒకే కంపెనీలో 6 నెలలు దాటి ఉంటే 6 నెలల పేస్లిప్పులు, అదే 6 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కంపెనీ లెటరు పెడితే సరిపోతుంది. 6 నెలలు నిండకపోతే వెనక్కి 12 నెలల సంపాదన చూపించాలి. అందుకని పెళ్లి ముందర అమ్మాయి ఉద్యోగం మారడం మంచిది కాదు.

పేస్లిప్పులో నెట్ పే 2,013.40 ఉంటే బ్యాంకులో అదే తేదీ దగ్గర అదే 2,013.40 జమ కనపడాలి. కంపెనీ ఖర్చుల డబ్బు కలిపి 2,080 వేసిందనుకోండి, ఆ 66.60 ఏంటో కంపెనీ లెటర్లో రాయించాలి. ఆఫీసరు ఒక్కో నెలా పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు.

చీమకుర్తి_రాయి
అన్నా, జీతం 25,000 దగ్గరే ఆగిపోతే? ఇక్కడ పొలం అమ్మి బ్యాంకులో చూపించొచ్చా? చదువు వీసాలకి ఫండ్స్ చూపిస్తారు గదా, అట్టా?

మైపాడు_అల
చూపించొచ్చు, కానీ చదువు వీసా పద్ధతి కాదు. లెక్క ఇదీ: తక్కువైన మొత్తాన్ని 2.5తో హెచ్చవేసి దానికి 16,000 కలపాలి. జీతం 25,000 అయితే లోటు 4,000. అది 2.5 రెట్లు చేస్తే 10,000, దానికి 16,000 కలిపితే 26,000 పౌండ్లు పొదుపు కావాలి. జీతం అసలే లేకపోతే 88,500 చూపించాలి. పాత 18,600 లెక్కలో అది 62,500 ఉండేది.

ఆ డబ్బు అబ్బాయి పేరున ఇండియా బ్యాంకులో ఉన్నా ఫర్వాలేదు, బ్రిటన్‌కి పంపక్కర్లేదు. కానీ 6 నెలలు కదలకుండా ఉండాలి, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, అప్పు అయి ఉండకూడదు. కన్సల్టెన్సీ వాళ్లు నెలకింత వడ్డీ అని ఫండ్స్ పెట్టి చూపించే పద్ధతి ఇక్కడ తిరస్కరణకే దారి. అది అబద్ధపు సమాచారం కింద పడితే తర్వాతి వీసాలకీ అడ్డం వస్తుంది.

పొలం సంగతి. ఆ ఆస్తి మీ పేరున 6 నెలలు దాటి ఉండి, అమ్మిన డబ్బు బ్యాంకులో పడితే, ఆస్తి చేతిలో ఉన్న కాలాన్నీ ఆ 6 నెలల్లో కలుపుకోవచ్చు. మన దగ్గర చిక్కు ఎక్కడంటే, దస్తావేజులో సర్కారు విలువ రాసి మిగతాది చేతికి ఇస్తారు. దస్తావేజులో 18 లక్షలు ఉండి బ్యాంకులో 30 లక్షలు కనపడితే ఆ 12 లక్షలకి ఆధారం లేదు. ఈ పనికోసం అమ్మేటట్టయితే మొత్తం ధర దస్తావేజులో రాయించి, మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. స్టాంపు డ్యూటీ పెరిగినా సరే.

రూపాయల్ని పౌండ్లలోకి అప్లై చేసిన రోజు మారకం రేటుతోనే మారుస్తారు. సరిగ్గా గీత మీద పెట్టుకోకుండా ఓ పది శాతం ఎక్కువ ఉంచండి.

ఒంగోలు_దస్తావేజు
పెళ్లి చట్టం గురించి. ఇద్దరూ హిందువులైతేనే హిందూ వివాహ చట్టం. ఇక్కడ అమ్మాయి క్రైస్తవురాలు, అబ్బాయి హిందువు అనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం దారి పట్టొచ్చు. గుడిలో పెళ్లి చేసి ఏదో సర్టిఫికెట్ తెచ్చుకుందాం అనుకోవద్దు. తర్వాత ప్రతి కౌంటర్లోనూ ప్రశ్నలొస్తాయి.

ప్రత్యేక వివాహ చట్టంలో రెండు దారులున్నాయి, చాలామంది వాటిని కలిపేస్తారు. ఒకటి, రిజిస్ట్రార్ ముందే పెళ్లి. దానికి 5వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి, ఇద్దరిలో ఒక్కరు నోటీసుకి ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉంటే చాలు. రెండోది, ముందే జరిగిన పెళ్లిని 15వ సెక్షన్ కింద నమోదు చేయడం. దానికి ఇద్దరూ 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. విదేశీ అమ్మాయి పది రోజుల సెలవు మీద వచ్చి గుడిలో పెళ్లి చేసుకుని రిజిస్ట్రేషన్‌కి పోతే ఇక్కడే ఆగిపోతుంది. ముందు ఆఫీసులో పెళ్లి, తర్వాత మీ ఇష్టప్రకారం వేడుక చేసుకుంటే ఈ చిక్కు రాదు.

నోటీసు 30 రోజులు బోర్డు మీద ఉంటుంది. అభ్యంతరం రాకపోతే పెళ్లి, ముగ్గురు సాక్షులు. నోటీసు ఇచ్చిన రోజు నుంచి 3 నెలల్లోపు పెళ్లి జరగాలి, దాటితే మళ్లీ కొత్త నోటీసు.

అమ్మాయి వైపు నుంచి పెళ్లికి అడ్డు లేదనే పత్రం కావాలి. ఇంగ్లండులో అయితే వాళ్ల రిజిస్టర్ ఆఫీసులో అడగాలి, అక్కడ కూడా 28 రోజుల నోటీసు ఉంటుంది. దాని మీద అక్కడే అపోస్టిల్ (పత్రం అసలైనదని వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించి తేవాలి. విడాకులైన వాళ్లయితే తుది డిక్రీ కూడా. అమెరికా పౌరులకి ఇట్టాంటి పత్రం ఇచ్చే ఆఫీసు లేదు. వాళ్లు కాన్సులేట్‌లో అఫిడవిట్ నోటరీ చేయిస్తారు, ఒక్కో ముద్రకి 50 డాలర్లు.

గూడూరు_నిమ్మతోట
దస్తావేజు గారు రాసినదానికి ఒకటి కలుపుతున్నా. 30 రోజుల ఇ-టూరిస్ట్ వీసా మీద వస్తే నోటీసుకే సరిపోతుంది, పెళ్లి నాటికి వీసా అయిపోతుంది. ఇ-వీసాని పొడిగించరు, వేరే రకంలోకి మార్చరు. ఒక సంవత్సరం ఇ-వీసా తీసుకోమని చెప్పండి. వచ్చాక ఉండేది బంధువుల ఇంట్లోనే అయినా, ఇంటివాళ్లు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. మనవాళ్లు ఇప్పటికీ దాన్ని ఫారం-సి అనే అంటారు. ఇది హోటళ్లకే అనుకుని చాలా ఇళ్లలో వదిలేస్తున్నారు.

కందుకూరు_65
పేర్ల గురించి ఎవరూ రాయలేదు. మన జిల్లాల వాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆలస్యమయ్యేది అక్కడే.

పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర. మూడూ ఒకరే అని మనకి తెలుసు, చెన్నైలోనో ముంబైలోనో కూర్చున్న ఆఫీసరుకి తెలీదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటే, అమెరికా వీసాలో ఆ మొత్తం సర్‌నేమ్ అయిపోయి ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు నుంచి బ్యాంకు దాకా అదే పేరుగా నడుస్తుంది. పెళ్లి నోటీసు ఇవ్వకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. ఆ పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం నోటీసులో రాయించండి. పెళ్లి సర్టిఫికెట్ అచ్చు అయ్యాక దిద్దించడం చాలా పెద్ద పని.

జిల్లా పేరు కూడా. కందుకూరు 2022 ఏప్రిల్ 4న ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. పుట్టిన సర్టిఫికెట్లో ప్రకాశం, పాస్‌పోర్టులో నెల్లూరు ఉంటే భయపడక్కర్లేదు. పత్రం ఇచ్చిన రోజున ఊరు ఏ జిల్లాలో ఉందో అదే రాస్తారు. ఫారంలో రెండు చోట్లా ఒకేలా రాసి, ఒక పేజీ వివరణ జతచేస్తే చాలు.

ఇక పుట్టిన సర్టిఫికెట్. 1980ల్లో ఊళ్లో ఇంటి దగ్గర పుట్టినవాళ్లకి చాలామందికి నమోదే లేదు. ఏడాది దాటిన నమోదు ఆర్డీఓ ఉత్తర్వుతో చేయించుకోవచ్చు. కానీ ఆలస్యంగా చేయించిన పత్రాన్ని అమెరికా వాళ్లు ఒక్కదాన్నే నమ్మరు. పదో తరగతి సర్టిఫికెట్, అమ్మానాన్నల అఫిడవిట్లు తోడు పెట్టాలి. అసలు నమోదు లేకపోతే రికార్డు దొరకలేదనే పత్రం తీసుకోవాలి.

ఉదయగిరి_కోట
అమెరికా దారి. భార్యో భర్తో పౌరులైతే ఐ-130 పిటిషన్ (భర్తనో భార్యనో తెచ్చుకోవడానికి అక్కడివాళ్లు వేసే అర్జీ). 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. అది ఆమోదం పొందాక నేషనల్ వీసా సెంటర్ దగ్గర 325, ఆర్థిక హామీ పత్రానికి 120. ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ మనకి ముంబైలోనే. హైదరాబాదులో కాన్సులేట్ ఉంది కదా అని అక్కడ అడుగుతూ తిరగొద్దు. మెడికల్ మాత్రం హైదరాబాదులోనో చెన్నైలోనో చేయించుకోవచ్చు.

పౌరుల భార్యాభర్తలకి కోటా లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల భార్యాభర్తలకి కోటా ఉంది, నెలనెలా వీసా బులెటిన్ చూసుకోవాలి.

ఆర్థిక హామీ ఐ-864 గురించి గట్టిగా చెప్పాలి. పేదరిక రేఖకి 125 శాతం ఆదాయం కావాలి. 2025 పట్టిక ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి 26,437 డాలర్లు. తగ్గితే వేరే ఒకరు జాయింట్ స్పాన్సర్‌గా రావొచ్చు, లేదా లోటుకి మూడు రెట్లు ఆస్తి చూపొచ్చు. ఆ జాయింట్ స్పాన్సర్ ఎక్కువగా మన బంధువే అయి ఉంటాడు. ఆయనకి ముందే అర్థమయ్యేలా చెప్పాలి: ఆ సంతకం చట్టబద్ధమైన ఒప్పందం, విడాకులైనా తీరదు. వచ్చినవాళ్లు పౌరసత్వం తీసుకునేదాకా, లేదా 40 క్వార్టర్ల (మూడు నెలలు ఒక క్వార్టరు, అంటే సుమారు పదేళ్ల) పని లెక్కలోకి వచ్చేదాకా ఉంటుంది. మొహమాటానికి చేసే సంతకం కాదు.

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతు గ్రీన్ కార్డే ఇస్తారు. గడువుకి ముందున్న 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 (ఆ షరతు తీసేయమనే అర్జీ) వేయాలి. ఆ రెండేళ్లూ జాయింట్ అకౌంటు, ఇంటి అద్దె ఒప్పందం, ఇన్సూరెన్సు ఇద్దరి పేర్లతో ఉంచుకోండి. భర్త పేరు మీదే అన్నీ పెట్టే మన అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది.

పెళ్లికి ముందే వెళ్లే కె-1 వీసాలో, పిటిషన్‌కి ముందు రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా ఎదురుపడి ఉండాలి, వెళ్లాక 90 రోజుల్లో పెళ్లి చేసుకోవాలి. వీడియో కాల్ నిశ్చితార్థం చెల్లదు.

సింగరాయకొండ_స్టేషన్
కెనడాలో భార్యాభర్తల స్పాన్సర్‌షిప్‌కి మామూలుగా ఆదాయ పరిమితి లేదు. ఫీజు 2024 ఏప్రిల్ 30న వచ్చిన పట్టిక ప్రకారం మొత్తం 1,205 కెనడా డాలర్లు. బయోమెట్రిక్స్‌కి ఇంకో 85. మూడేళ్లు పోషిస్తామనే హామీ ఇవ్వాలి. తాను భార్యగానో భర్తగానో స్పాన్సర్‌షిప్ మీద వచ్చి పీఆర్ (శాశ్వత నివాసి) అయినవాళ్లు అయిదేళ్లదాకా కొత్త భార్యనో భర్తనో స్పాన్సర్ చేయలేరు. రెండో పెళ్లి సంబంధాల్లో ఇది ముందే అడిగి తెలుసుకోవాలి.

చదువుకునేవాళ్ల, ఉద్యోగస్తుల భార్యాభర్తలకి ఇచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పనిచేసే అనుమతి) వేరే సంగతి. అది 2025 జనవరి 21 నుంచి బాగా తగ్గింది. మాస్టర్స్ అయితే కనీసం 16 నెలల కోర్సు ఉండాలి.

జర్మనీకి పోయేవాళ్లు రెండు గుర్తుంచుకోండి. భార్య లేదా భర్తకి ఎ1 (మొదటి మెట్టు) జర్మన్ భాష సర్టిఫికెట్ కావాలి. అక్కడున్నవాళ్లకి బ్లూ కార్డు (పెద్ద చదువున్న ఉద్యోగస్తులకిచ్చే నివాస అనుమతి) ఉంటే మినహాయింపు. రెండోది, ఇండియా అపోస్టిల్‌ని జర్మనీ ఒప్పుకోదు. అపోస్టిల్ వేయించి డబ్బు పోగొట్టుకోకుండా, వాళ్ల కాన్సులేట్ చెప్పే పత్రాల పరిశీలన పద్ధతే అనుసరించాలి.

చీమకుర్తి_రాయి
కువైట్ సంగతి నేను రాస్తా. ఫ్యామిలీ వీసాలు చాలాకాలం ఆపేసి 2024 జనవరిలో మళ్లీ తెరిచినప్పుడు జీతం 800 దినార్లు ఉండాలన్నారు. 20 నంబరు వీసా మీద ఇళ్లలో పనిచేసేవాళ్లకి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. కువైట్ అపోస్టిల్ ఒప్పందంలో లేదు కాబట్టి పెళ్లి సర్టిఫికెట్ మీద రాష్ట్రం ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత కువైట్ ఎంబసీ ముద్ర, చివరికి అక్కడి విదేశాంగ శాఖ ముద్ర. ఈ వరసలో ఒకటి తప్పినా మొదటికి రావాల్సిందే.

అక్కడే ఫిలిప్పీన్స్ అమ్మాయిని చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే 1969 విదేశీ వివాహ చట్టం కింద మన ఎంబసీలోనే పెళ్లి చేసుకోవచ్చు. దానికీ 30 రోజుల నోటీసు ఉంది. అమ్మాయి వాళ్ల ఎంబసీ నుంచి పెళ్లికి అర్హత పత్రం తేవాలి.

గూడూరు_నిమ్మతోట
విదేశీ కోడలో అల్లుడో ఇక్కడే ఉండిపోయేటట్టయితే ఎట్టా అనేది రాస్తున్నా. వాళ్ల దేశంలోని మన ఎంబసీలో ఎక్స్-2 ఎంట్రీ వీసా (భారతీయుల భార్యాభర్తలకి ఇచ్చే రకం) తీసుకుని రావాలి. అది 180 రోజులు దాటినదైతే వచ్చిన 14 రోజుల్లో ఇ-ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు ఆఫీసు) పోర్టల్లో నమోదు. మన జిల్లాల్లో విచారణ ఎస్పీ ఆఫీసు నుంచి వస్తుంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి 1946 నాటి విదేశీయుల చట్టం పోయి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం వచ్చింది. పాత సెక్షన్ నంబర్లతో అర్జీలు రాయించొద్దు.

ఓసీఐ కార్డుకి (విదేశీ పౌరులు ఇక్కడ ఎంతకాలమైనా ఉండేందుకు భారత ప్రభుత్వం ఇచ్చేది) పెళ్లి రిజిస్టర్ అయి, అప్లికేషన్‌కి ముందు వరసగా రెండేళ్లు కాపురం సాగి ఉండాలి. ఇక్కడ ఒంగోలు అన్న మాట మళ్లీ గుర్తుచేస్తున్నా. పెళ్లి 2023లో చేసి 2025లో రిజిస్టర్ చేయించుకుంటే రెండేళ్ల లెక్క దగ్గర తకరారు వస్తుంది. పెళ్లయిన వెంటనే రిజిస్టర్ చేయించండి. అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఎవరైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ రాదు. విడాకులైతే ఆ దారిన వచ్చిన ఓసీఐ రద్దవుతుంది.

ఓసీఐ ఉంటే ఉద్యోగం చేయొచ్చు, ఇల్లు కొనొచ్చు. వ్యవసాయ భూమి కొనకూడదు. మాగాణి అయినా, రొయ్యల గుంటలు తవ్విన పొలమైనా రికార్డులో వ్యవసాయ భూమి అని ఉంటే కోడలి పేరున రాయించొద్దు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. భారత పౌరసత్వమే కావాలంటే భారతీయుల్ని పెళ్లి చేసుకుని ఇక్కడ ఏడేళ్లు నివసించి ఉండాలి.

పెన్నాతీరం
అందరికీ చాలా కృతజ్ఞతలు. అబ్బాయి విజిట్ వీసా మీద ముందు వెళ్లి అక్కడే స్పౌజ్‌లోకి మారొచ్చని ఒకరన్నారు. నిజమేనా? ఇంకా, శాశ్వత నివాసం పదేళ్లకి పెంచారని విన్నాం. ఖర్చు మొత్తం ఎంతవుతుంది?

మైపాడు_అల
విజిటర్ వీసా నుంచి స్పౌజ్‌లోకి బ్రిటన్ లోపల మారడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆ మాట చెప్పినవాళ్ల దగ్గర డబ్బు కట్టొద్దు.

పదేళ్ల ప్రతిపాదన 2025 మే శ్వేతపత్రంలో వచ్చింది నిజమే. అయితే బ్రిటన్ పౌరుల భార్యాభర్తలకి అయిదేళ్ల దారే ఉంచుతామని అందులోనే చెప్పారు.

ఖర్చు: 2025 ఏప్రిల్ 9న వచ్చిన పట్టిక ప్రకారం బయట నుంచి అప్లై చేస్తే 1,938 పౌండ్లు. హెల్త్ సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టేది) ఏడాదికి 1,035, మొదటి వీసా 33 నెలలు కాబట్టి మూడేళ్లకి 3,105. రెండూ కలిపి 5,043 పౌండ్లు. టీబీ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష దీనికి అదనం.

ఇంగ్లిష్ ఇప్పుడు ఎ1 స్థాయి, రెండున్నరేళ్ల తర్వాత పొడిగింపుకి ఎ2, శాశ్వత నివాసానికి బి1. మామూలు ఐఈఎల్‌టీఎస్ పనికిరాదు, బ్రిటన్ వీసాకి గుర్తించిన పరీక్షే రాయాలి. అబ్బాయి డిగ్రీ ఇంగ్లిష్ మీడియం అయితే పరీక్ష బదులు ఎక్టిస్ (విదేశీ డిగ్రీల్ని బ్రిటన్ కోసం పరిశీలించే సంస్థ) ధ్రువీకరణ పెట్టొచ్చు.

తేదీలు ఇట్టా కూర్చుకోండి. అమ్మాయి జనవరి 5న దిగిందనుకుందాం. అడ్డు లేదనే పత్రానికి అక్కడ నవంబరులోనే అర్జీ పెట్టి ఉండాలి. జనవరి 7న ఇద్దరూ నోటీసు మీద సంతకాలు చేస్తే, ఫిబ్రవరి 6కి 30 రోజులు నిండుతాయి. ఆ తర్వాత మంచి రోజు చూసుకుని ఆఫీసులో పెళ్లి, ఏప్రిల్ 7 దాటకూడదు. మార్చి 2న ఆన్‌లైన్‌లో ఫీజు కడితే అదే అప్లికేషన్ తేదీ. చివరి పేస్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంట్ దానికి ముందు 28 రోజుల్లోవి అయి ఉండాలి, అంటే ఫిబ్రవరి 2 తర్వాతవి. టీబీ సర్టిఫికెట్ 6 నెలలే చెల్లుతుంది కాబట్టి పెళ్లయ్యాక చేయించండి. ఇంగ్లిష్ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, దాన్ని ఇప్పుడే రాయించేయొచ్చు. ఫీజు కట్టిన రోజు నిబంధనే వర్తిస్తుంది. పెంపు ప్రకటన వస్తే కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్లు గడువు లోపలే కట్టేయగలరు.

ఒంగోలు_దస్తావేజు
చిన్న సవరణ. ఇద్దరిలో అబ్బాయే 30 రోజుల నివాసం చూపించేది కాబట్టి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ కావలి ఆధార్ చూపించి నోటీసు ఇస్తే అభ్యంతరానికి తావుంటుంది. డిసెంబరు మొదటివారం నుంచి నెల్లూరు జిల్లాలోనే ఉండేట్టు చూసుకోండి, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టించుకోగలిగితే మంచిది. సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి పాస్‌పోర్టులు రెండూ పక్కన పెట్టుకుని పేర్లు, పుట్టిన తేదీలు చదివి, ఆ తర్వాతే సంతకం చేయండి.

పెన్నాతీరం
అబ్బాయి పాస్‌పోర్టు ఇప్పుడే తీసి చూశాం. సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంది. ముందు దాని పనిమీద పోతాం. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాకే నోటీసు తేదీ పెట్టుకుంటాం.